ఛుక్కుమనే బాక్స్‌కార్: 1978 నాటి సౌండ్ చిప్‌తో మోడల్ రైలుకి ఆవిరి మోత

మోడల్ రైళ్ళలో మోత పాత సంగతే. లయొనెల్ కంపెనీ 1935లోనే టెండర్‌లో (ఇంజిన్ వెనక ఉండే బొగ్గు, నీళ్ళ బండి) చిన్న మోటారు, ఫ్యాను పెట్టి గాలితో విజిల్ ఊదించింది. అది ఎలక్ట్రానిక్ కాదు, అసలైన గాలి విజిలే. తర్వాత పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ వారి పద్ధతి వచ్చింది. ఇంజిన్ చక్రం దగ్గర ఒక కాంటాక్టు, బల్ల దగ్గర సౌండ్ పెట్టె, టెండర్‌లో స్పీకరు. మోత పట్టాల మీదుగానే స్పీకరుకి చేరేది. ఇత్తడి ఇంజిన్లు కొనుక్కోగలిగిన అమెరికన్లకే అది అందింది. 1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎస్‌ఎన్76477 అనే 28 పిన్నుల చిప్ తెచ్చాక చవకలో ఇంట్లోనే చేసుకునే వీలు కలిగింది. స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో ఎగిరే పళ్ళెం కూత ఈ చిప్‌దే. ఇందులో నాయిస్ (బుసలాంటి మోత) జనరేటర్, రెండు ఆసిలేటర్లు, మిక్సర్, వన్‌షాట్ (ఒక్కసారి పేలి ఆగే టైమర్), ఎన్వలప్ (మోత లేచి ఆరే తీరు) అన్నీ ఒకేచోట ఉంటాయి. మీటలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు మార్చి కావలసిన మోత తయారుచేసుకోవాలి. రికార్డు చేసిన శబ్దమంటూ లోపల ఏదీ ఉండదు.

ఇక్కడ చేయబోయేవి రెండు బోర్డులు. మొదటిది హెచ్‌ఓ స్కేల్ (అసలు బండిలో 87వ వంతు) బాక్స్‌కార్‌లో, అంటే మూసి ఉండే సరుకుల బండిలో కూర్చుని, చక్రం తిరిగినకొద్దీ ఛుక్కుమనేది. రెండోది బల్ల కింద ఉండి, బటన్ నొక్కితే విజిల్ వేసేది. రెంటినీ ఒకే బండిలో ఇరికించాలని చూడకండి, చోటు చాలదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఆవిరి ఇంజిన్ మోతను నమ్మించేది నాయిస్ నాణ్యత కాదు. ఛుక్కు చక్రంతో కలిసి పడటం, పడ్డప్పుడు ఠక్కున లేచి నెమ్మదిగా ఆరిపోవడం, ఈ రెండే. ఆసిలేటర్‌కి ఒక నాబ్ పెట్టి వేగాన్ని చేత్తో తిప్పే సర్క్యూట్లు బోలెడు. రైలు ఆగినా అవి ఛుక్కుమంటూనే ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

చక్రం లెక్క

రెండు సిలిండర్ల ఆవిరి ఇంజిన్ డ్రైవింగ్ చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్కులు. మన రైల్వేల డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజిన్‌నే తీసుకుందాం. ఆ తరగతిలో మొదటివి 1947లో అమెరికాలో బాల్డ్‌విన్ కార్ఖానాలో తయారై వచ్చాయి. డ్రైవింగ్ చక్రం వ్యాసం 67 అంగుళాలు. 87వ వంతుకి కుదిస్తే 19.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 61.4. అంటే పట్టా మీద ప్రతి 15.4 మిల్లీమీటర్లకి ఒక ఛుక్కు పడాలి.

ఇప్పుడు బాక్స్‌కార్ చక్రం చూడండి. అసలు బండిలో అది 33 అంగుళాలు, హెచ్‌ఓలో 9.6 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 30.3. దీనికి ఎదురెదురుగా రెండు అయస్కాంతాలు అంటిస్తే ప్రతి 15.1 మిల్లీమీటర్లకి ఒక పల్స్ వస్తుంది. తేడా రెండు శాతం, చెవికి తెలియదు. అందుకే ఇంజిన్ విప్పే పని లేదు. టెండర్ వెనకే ఈ బండి తగిలిస్తే చాలు. 63 అంగుళాల చక్రాలున్న అమెరికన్ మికాడో రకం ఆవిరి ఇంజిన్‌కి ప్రతి 14.4 మిల్లీమీటర్లకి ఒకటి పడాలి. తేడా ఐదు శాతం, దానికీ ఇదే అమరిక సరిపోతుంది.

స్కేల్ వేగం గంటకి 20 కిలోమీటర్లయితే సెకనుకి నాలుగు ఛుక్కులు. అరవై అయితే పన్నెండుకు పైగా. ఈ అంకెలు గుర్తుంచుకోండి, ఛుక్కు ఎంతసేపు ఆరాలో తేల్చేది ఇవే.

సామాను

రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్‌ఎమ్386 (ఆంప్లిఫయర్ చిప్), సీడీ40106 (విజిల్ చిప్), 7809 (9 వోల్టుల రెగ్యులేటర్) హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీలో చిల్లరగా దొరుకుతాయి. ఎస్‌ఎన్76477 మాత్రం తయారీ ఆగిపోయిన సరుకు. ఆన్‌లైన్‌లో పాత స్టాకే దిక్కు. పాత బోర్డుల నుంచి పీకి, పైన కొత్తగా అచ్చు గుద్ది అమ్మేవి కూడా ఉంటాయి కాబట్టి కనీసం రెండు తెప్పించండి. ఐసీ బేస్‌ను (చిప్ గుచ్చే సాకెట్) మాత్రం చిప్ చేతికొచ్చాక, కాళ్ళ వరుసల మధ్య దూరం కొలిచి కొనండి. చిప్‌ను నేరుగా బోర్డుకి సోల్డర్ చేయవద్దు.

బండి బోర్డుకి కావలసినవి:

- ఎస్‌ఎన్76477 ఒకటి, ఎల్‌ఎమ్386 ఒకటి, వాటి బేస్‌లు
- రెసిస్టర్లు (పావు వాట్): 10 ఓమ్‌లు 1, 1కె 1, 4.7కె 1, 10కె 2, 47కె 3, 100కె 1, 150కె 1, 180కె 1
- 500కె ప్రీసెట్లు (504; స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్లు) రెండు, 10కె ప్రీసెట్ (103) ఒకటి
- ఫిల్మ్ కెపాసిటర్లు (అంకెలు వాటి మీద అచ్చైన కోడ్‌లు): 222, 473, 224, 474 ఒక్కోటి, 104 రెండు, 1 మైక్రోఫారడ్ ఒకటి
- ఎలక్ట్రోలిటిక్‌లు: 10, 100, 220, 470 మైక్రోఫారడ్ ఒక్కోటి, 16 వోల్టులవి
- 10 మిల్లీమీటర్ల గాజు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునేది), 2 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటర్ మందం నియోడిమియం అయస్కాంతాలు రెండు
- 28 మిల్లీమీటర్ల 8 ఓమ్‌ల స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్, చిన్న స్లైడ్ స్విచ్

బ్యాటరీ విషయంలో జాగ్రత్త. చిప్ 14వ పిన్‌కి 7.5 వోల్టులకి తగ్గకూడదు. రీఛార్జబుల్ 9 వోల్టుల బ్యాటరీల్లో కొన్ని లోపల ఆరు సెల్స్‌తో 7.2 వోల్టులే ఇస్తాయి, అవి పనికిరావు. పెట్టె మీద 8.4 అని రాసి ఉన్నవి చూసుకోండి. పట్టాల నుంచి కరెంటు తీసుకోవాలనే ఆలోచన కూడా మానండి. డీసీ లేఅవుట్‌లో రైలు నెమ్మదించగానే వోల్టేజీ పడిపోతుంది, మోటారు బ్రష్‌ల గరగర స్పీకరులోకి వచ్చేస్తుంది.

చిప్ వైరింగ్

చిప్ బేస్‌లో పెట్టకముందే వైరింగ్ మొత్తం పూర్తి చేయండి. క్రమం ఇది:

1. 2వ పిన్ గ్రౌండ్. 14వ పిన్‌కి బ్యాటరీ పాజిటివ్, దాని పక్కనే గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్, ఒక 104. 15వ పిన్ చిప్ తనలోపల తయారుచేసుకునే 5 వోల్టుల సప్లై. కింద ‘పైకి’ అన్నప్పుడల్లా ఈ 15వ పిన్‌కి అని అర్థం. 9 వోల్టులు తెచ్చి లాజిక్ పిన్నులకి తగిలిస్తే చిప్ పోతుంది.

2. మిక్సర్‌లో నాయిస్ ఒక్కటే కావాలి: 25 పైకి, 26, 27 గ్రౌండ్‌కి. మూడూ పైకి కట్టారంటే చిప్ నోరు మూసుకుంటుంది; అది చెడిపోవడం కాదు, దాని పద్ధతే అంత.

3. ఎన్వలప్‌ను వన్‌షాట్‌కి అప్పగించాలి: 1 పైకి, 28 గ్రౌండ్‌కి. 22 కూడా గ్రౌండ్‌కి.

4. నాయిస్ క్లాక్: 4 నుంచి గ్రౌండ్‌కి 47కె. నాయిస్ ఫిల్టర్: 5 నుంచి గ్రౌండ్‌కి 100కె, దానితో వరసగా 500కె ప్రీసెట్. 6 నుంచి గ్రౌండ్‌కి 222. కటాఫ్ ఫ్రీక్వెన్సీకి లెక్క 1.28 ÷ (ఆర్ × సి). ప్రీసెట్ ఒక చివర 5,800 హెర్ట్జ్, మరో చివర 970 వస్తాయి.

5. వన్‌షాట్: 24 నుంచి గ్రౌండ్‌కి 180కె, 23 నుంచి గ్రౌండ్‌కి 224. కాలం 0.8 × ఆర్ × సి, అంటే 32 మిల్లీసెకన్లు. ఛుక్కు నిండుగా ఉండేది ఇంతసేపే.

6. లేవడం, ఆరడం: 8 నుంచి గ్రౌండ్‌కి 474. 10 నుంచి గ్రౌండ్‌కి 10కె. దీంతో దాదాపు 5 మిల్లీసెకన్లలో మోత లేస్తుంది. 7 నుంచి గ్రౌండ్‌కి 47కె, వరసగా రెండో 500కె ప్రీసెట్. ఆరే కాలం 22 నుంచి 257 మిల్లీసెకన్ల దాకా మారుతుంది.

7. అవుట్‌పుట్: 11 నుంచి గ్రౌండ్‌కి 150కె, 12, 13 మధ్య 47కె, 13 నుంచి గ్రౌండ్‌కి 4.7కె. ఈ చివరి రెసిస్టర్ మరిచిపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కి లోడు ఉండదు, మోత చీలికలై వస్తుంది. ఇలా కడితే సుమారు 1 వోల్ట్ పీక్ టు పీక్ సిగ్నల్ వస్తుంది.

8. 3, 16 నుంచి 21 దాకా ఉన్న పిన్నులు ఖాళీ.

9వ పిన్‌ను విడిగా చెప్పుకోవాలి. అది పైకి వెళ్తే చిప్ మౌనం. పై నుంచి కిందికి దిగిన క్షణంలో వన్‌షాట్ పేలుతుంది. కాబట్టి 15వ పిన్ నుంచి 1కె, రీడ్ స్విచ్ మీదుగా 9కి తేవాలి. 9 నుంచి గ్రౌండ్‌కి 10కె, దానికి సమాంతరంగా 104. అయస్కాంతం రీడ్ దగ్గరికి వచ్చినప్పుడు కాదు, దాటిపోయినప్పుడు ఛుక్కు పడుతుంది. ఇందులో ఒక లాభం ఉంది: రైలు ఎక్కడ ఆగినా, రీడ్ మూసి ఉన్నా తెరిచి ఉన్నా, మోత దానంతటదే ఆగిపోతుంది. ఆ 104 కెపాసిటర్ రీడ్ పలకలు అదిరినప్పుడు వచ్చే దొంగ పల్స్‌లను మింగుతుంది. అది లేకపోతే ఒక్కోసారి ఛుక్కు రెండుగా పగులుతుంది.

రీడ్ బదులు హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే చిప్) పెడదామనిపిస్తుంది. నేరుగా పెడితే పని జరగదు. మామూలు ఓపెన్ కలెక్టర్ హాల్ సెన్సర్ అయస్కాంతం లేనంతసేపూ 9ని పైనే ఉంచుతుంది, అయస్కాంతం దాటే లిప్తపాటే కిందికి దించుతుంది. ఛుక్కు ఆరేలోపే గొంతు నొక్కినట్టవుతుంది. మధ్యలో ఒక ఇన్వర్టర్ ట్రాన్సిస్టర్ పెడితేనే సరి.

ఆంప్లిఫయర్

13వ పిన్ నుంచి 1 మైక్రోఫారడ్, అక్కడి నుంచి 10కె ప్రీసెట్ పైకొన, దాని కింది కొన గ్రౌండ్‌కి. ప్రీసెట్ మధ్య కాలు ఎల్‌ఎమ్386 3వ పిన్‌కి. 2, 4 గ్రౌండ్. 6కి బ్యాటరీ పాజిటివ్, అక్కడే గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్. 7 నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్. 1, 8 ఖాళీగా వదిలేయండి, గెయిన్ 20 వస్తుంది, అంతకన్నా అక్కర్లేదు. 5 నుంచి 220 మైక్రోఫారడ్ ద్వారా స్పీకరు. 5 నుంచే గ్రౌండ్‌కి 10 ఓమ్‌లు, 473 వరసగా. ఈ చివరి జత లేకపోతే ఆంప్లిఫయర్ వినబడని ఫ్రీక్వెన్సీలో ఊగుతూ వేడెక్కుతుంది, బ్యాటరీ తినేస్తుంది.

స్పీకరు గ్రౌండ్ తీగను చిప్ గ్రౌండ్‌తో గొలుసులా కలపకండి. రెండూ విడివిడిగా బ్యాటరీ నెగెటివ్ దగ్గరికే రావాలి. లేదంటే ఒక ఛుక్కు కరెంటు లాగినప్పుడు 9వ పిన్ కదిలి, రైలు ఆగి ఉన్నా ఛుక్కు మీద ఛుక్కు దానంతటదే పడుతూ పోతుంది. బ్యాటరీ సగం అయ్యాక ఇది మొదలైతే కారణం దాదాపుగా ఇదే, లేదా 470 మైక్రోఫారడ్ కాళ్ళు పొడవుగా వదిలేయడం.

పరీక్ష

చిప్ పెట్టి స్విచ్ వేసి ముందు 15వ పిన్ కొలవండి. 5 వోల్టుల దగ్గర లేకపోతే వెంటనే ఆపండి. చిప్ తిరగేసి పెట్టారేమో, 14, 15 కలిసిపోయాయేమో చూడండి. తర్వాత 1ని తాత్కాలికంగా గ్రౌండ్‌కి, 28ని పైకి మార్చండి. ఎన్వలప్ పక్కకి తప్పుకుని, ఆగకుండా ‘స్‌స్‌స్’ అని రావాలి. వస్తే నాయిస్, ఆంప్లిఫయర్ రెండూ బాగున్నట్టే. రాకపోతే వాల్యూమ్ ప్రీసెట్ మధ్య కాలు మీద తడి వేలు పెట్టండి. స్పీకరు బుర్రుమంటే తప్పు చిప్ వైపుంది.

1, 28లను తిరిగి మామూలుగా కట్టి, రీడ్ రెండు కొసలనూ ఒక తీగముక్కతో కలిపి వదలండి. వదిలినప్పుడు ఒక్క ఛుక్కు. నాయిస్ వచ్చి ఛుక్కు రాకపోతే 1, 28 తారుమారయ్యాయి, లేదా 23, 24 దగ్గర సోల్డర్ పట్టలేదు.

బండిలో కూర్చోబెట్టడం

40 అడుగుల బాక్స్‌కార్ హెచ్‌ఓలో 140 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఒక కొసన బ్యాటరీ, మధ్యలో బోర్డు, రెండో కొసన స్పీకరు. ఫ్యాక్టరీ పెట్టిన ఇనుప బరువు తీసేయండి; అయస్కాంతాల బలాన్ని అది పక్కకి లాగుతుంది. బరువు తగ్గుతుందని బెంగ వద్దు. అమెరికన్ మోడల్ రైలు సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫారసు ఈ పొడవు బండికి సుమారు 106 గ్రాములు. బ్యాటరీ ఒక్కటే 45 గ్రాముల దాకా తూగుతుంది. మిగతాది సీసం ముక్కలతో సరిచేయవచ్చు.

అయస్కాంతాలను ఒకే చక్రం లోపలి ముఖం మీద, ఇరుసుకి ఎదురెదురుగా, ఎపాక్సీతో అంటించండి. సూపర్ గ్లూ తొందరగా పెళుసెక్కి రాలిపోతుంది. ఇరుసు ప్లాస్టిక్‌దో ఇత్తడిదో అయితే మేలు. రీడ్‌ను బోగీ (బండి కింద చక్రాలు పట్టి ఉంచే చట్రం) మీద, అయస్కాంతం దాని ఒక కొసకి దగ్గరగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంలో దాటేలా బిగించండి. సరిగ్గా నడిమధ్య మీదుగా దాటనిస్తే రీడ్ రెండుసార్లు మూసుకునే ప్రమాదముంది; చుట్టుకి రెండు కావలసింది నాలుగు పడతాయి. రీడ్ కాళ్ళు వంచేటప్పుడు గాజుకీ వంపుకీ మధ్య పట్టకారుతో పట్టుకోండి, లేకపోతే గాజు చిట్లుతుంది. బోగీ తిరగాలి కాబట్టి అక్కడి నుంచి పైకి వచ్చే తీగలు సన్నని మల్టీస్ట్రాండ్‌వై ఉండాలి, కొంచెం వదులుగా వదలాలి.

స్పీకరుకి డబ్బా తప్పనిసరి. ఒట్టి స్పీకరును బండి గోడకి అంటిస్తే ముందు నుంచి వచ్చిన అల, వెనక నుంచి వచ్చిన అల ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చిటచిట తప్ప ఏమీ మిగలదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టైరీన్ షీటుతో, వెనకవైపు గాలి చొరబడకుండా మూసి డబ్బా కట్టండి. తీగలు బయటికొచ్చే రంధ్రాన్ని కూడా జిగురుతో పూడ్చండి. ఎంత మంచి చిప్ తెచ్చినా ఈ పని అశ్రద్ధ చేస్తే డబ్బు దండగే. స్పీకరు ముఖం కిందికి, బండి అడుగున వేసిన రంధ్రాల మీద ఉంచితే బయటికి కనబడదు.

ప్రీసెట్లు చివరగా, బండి మూత పెట్టాకే తిప్పాలి. అందుకే స్క్రూడ్రైవర్ దూరేలా అడుగున రంధ్రాలు వదలండి. బల్ల మీద పెద్ద స్పీకరుతో వింటూ నాయిస్‌ను 1,000 హెర్ట్జ్ దాకా దించితే బరువుగా, గంభీరంగా వినిపిస్తుంది. అదే అమరిక 28 మిల్లీమీటర్ల స్పీకరులో దాదాపు మాయమవుతుంది. చిన్న స్పీకరుకి 2,500 దగ్గర మొదలుపెట్టండి. వాల్యూమ్ పావు భాగంతో ప్రారంభించండి. పూర్తిగా పెంచితే ఆంప్లిఫయర్ అల కొసలను కోసేస్తుంది, ఛుక్కు కాస్తా చప్పట్లలా వినబడుతుంది. ఆరే కాలాన్ని 100 మిల్లీసెకన్లకి అటూ ఇటూ పెట్టండి. సెకనుకి పన్నెండు ఛుక్కులంటే ఒక్కోదానికి 80 మిల్లీసెకన్లే, కాబట్టి వేగంలో ఒకటి ఆరకముందే ఇంకొకటి వచ్చి హోరుగా కలిసిపోతుంది. అసలు ఇంజిన్ దగ్గరా అంతే. యార్డులో షంటింగ్ చేసే ఇంజిన్‌కి మాత్రం 150 దాకా పెంచితే నిండుగా ఉంటుంది.

విజిల్ బోర్డు

ఇది సీడీ40106తో. లోపల ఆరు ష్మిట్ ఇన్వర్టర్లు (గేట్లు) ఉంటాయి. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చేరిస్తే ఒక్కోటి ఒక ఆసిలేటర్. 12 వోల్టుల రెడీమేడ్ అడాప్టర్ నుంచి 7809 ద్వారా 9 వోల్టులు తీసుకోండి.

ఒక్కో గేటు ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 223 ఫిల్మ్ కెపాసిటర్. ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య 68కె, వరసగా 200కె మల్టీటర్న్ ప్రీసెట్. దాదాపు 200 నుంచి 800 హెర్ట్జ్ దాకా వస్తుంది. సిరామిక్ కెపాసిటర్ వాడితే ఎండాకాలంలో ఒక శ్రుతి, చలికాలంలో ఒక శ్రుతి అవుతుంది. వాడని గేట్ల ఇన్‌పుట్లు గ్రౌండ్‌కి కట్టాలి.

ఒక్కో అవుట్‌పుట్ నుంచి 100కె ద్వారా అన్నీ ఒక జంక్షన్‌కి. జంక్షన్ నుంచి గ్రౌండ్‌కి 333. చదరపు అల కరుకుదనాన్ని ఇది నునుపు చేస్తుంది. అక్కడి నుంచి 1 మైక్రోఫారడ్, 10కె వాల్యూమ్, పైన చెప్పినట్టే ఇంకో ఎల్‌ఎమ్386. దాని 6వ పిన్‌కి 9 వోల్టులు నేరుగా ఇవ్వండి. ఈ స్పీకరు 4 అంగుళాలది, చెక్కపెట్టెలో స్టేషన్ కింద పెట్టవచ్చు.

కిటుకంతా 40106కి సప్లై ఇవ్వడంలో ఉంది. 9 వోల్టుల నుంచి బటన్, తర్వాత 100 ఓమ్‌లు, తర్వాత చిప్ 14వ పిన్. అక్కడ గ్రౌండ్‌కి 220 మైక్రోఫారడ్, దానికి సమాంతరంగా 1కె. నొక్కగానే మోత ఒక్కసారిగా తెగిపడకుండా లేస్తుంది, వదిలాక పావు సెకను పాటు జారుతూ ఆరుతుంది. 7వ పిన్ గ్రౌండ్.

శ్రుతి చేయడం సంగీతం తెలిసినవాళ్ళకి తేలిక. ఆవిరి విజిల్‌కి మూడు గేట్లు చాలు: స, అంతర గాంధారం, పంచమం. 440, 550, 660 హెర్ట్జ్ పెట్టి, ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో సరిచూసుకోండి. ఒక్కో దాన్ని శ్రుతి చేసేటప్పుడు మిగతావాటి 100కెలు ఒక కొస ఊడదీసి ఉంచాలి, బటన్ నొక్కే ఉండాలి. అంతా అయ్యాక గాంధారాన్ని మూడు నాలుగు హెర్ట్జ్ పక్కకి తప్పించండి. మరీ శుద్ధంగా కలిస్తే హార్మోనియంలా వినిపిస్తుంది, రైలులా కాదు. అమెరికన్ డీజిల్ హారన్ కావాలంటే ఐదు గేట్లు వాడి 311, 370, 415, 494, 622 పెట్టండి. నేథన్ కంపెనీ కె5ఎల్‌ఏ హారన్ స్వరాలు అవే.

విజిల్‌లో ఆవిరి బుస కూడా కావాలంటే ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌ను తిరగేసి వాడాలి: ఎమిటర్‌కి 12 వోల్టుల నుంచి 220కె, బేస్ గ్రౌండ్‌కి, కలెక్టర్ దేనికీ కలపకుండా గాలిలో. ఎమిటర్ నుంచి 104 ద్వారా రెండో బీసీ547 బేస్‌కి. దాని ఎమిటర్ గ్రౌండ్, కలెక్టర్‌కి 40106 సప్లై నుంచి 4.7కె, కలెక్టర్ బేస్ మధ్య 1 మెగ్. కలెక్టర్ నుంచి 104, 220కె మీదుగా జంక్షన్‌కి. సప్లై బటన్ నుంచే వస్తుంది కాబట్టి బుస కూడా విజిల్‌తోపాటే లేచి ఆరుతుంది. మొదటి ట్రాన్సిస్టర్‌ను సాకెట్‌లో పెట్టి, ఐదారు మార్చి చూడండి. ఒకే పట్టీలోంచి తీసిన వాటిలో కూడా ఒకటి గట్టిగా బుస కొడుతుంది, ఇంకొకటి కిక్కురుమనదు. తిరగేసి వాడినదాన్ని మళ్ళీ ఆంప్లిఫయర్ పనికి వాడవద్దు, దాని గెయిన్ పడిపోయి ఉంటుంది. బుస మరీ ఎక్కువైతే 220కెని 470కె చేయండి.